ఖాలా అయిదో వంతు

పోయిన వారం వెలిమెల వైపు పని మీద వెళ్ళినప్పుడు, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన జాగాలో పొక్లెయిన్ దిగి ఉండటం చూసి బండి ఆపాను. ఆ జాగా నాకు కొలతలతో సహా తెలుసు. ఆరు గుంటలు, అంటే ఏడు వందల ఇరవై ఆరు గజాలు. ఉత్తరం వైపు కొంచెం వెడల్పు, దక్షిణానికి వచ్చేసరికి సన్నబడుతుంది. నడుమ ఒక నల్లరాయి ఉండేది. అది కనిపించలేదు. తవ్విపోసిన ఎర్రమట్టి కుప్పలో ఎక్కడో ఉండి ఉంటుంది.

ఆ రాయి మీద కూర్చునే మనిషి పోయి ఏడాది దాటింది.

కాలనీలో అందరం ఆమెను ఖాలా అనేవాళ్ళం. ఆ మాటకు పిన్ని అని అర్థం. వయసులో ఆమె మా అమ్మమ్మకు దగ్గర, అయినా పిన్నే. మా నాన్న ఆమెను ఖాలా అనేవాడు, నేనూ అనేవాణ్ణి, గేటు దగ్గర రొట్టెల కోసం నిలబడే బిహారు కుర్రాళ్ళూ అనేవాళ్ళు. పటాన్‌చెరులో ఒకే ప్రహరీ లోపల మూడు పోర్షన్లు. ఒకదాంట్లో మేము, పక్కదాంట్లో ఆమె. ఇద్దరం కిరాయికే. ఆమె భర్త బొల్లారంలో కంపెనీ బస్సు నడిపేవాడట. మేము ఆ ఇంట్లో దిగేనాటికే ఆయన లేడు. పిల్లలు లేరు. ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళకు రొట్టెలు చేసి ఇచ్చి బతికేది.

ఆమె అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ముంజేయి. చేతులకు ఎప్పుడూ పిండి ఉండేది కాబట్టి కళ్ళద్దాలు ముంజేతితో పైకి తోసుకునేది, తలుపు ముంజేతితో నెట్టేది, నా వీపు మీద ముంజేతితోనే చరిచేది. రెండోది, మనుషులను షిఫ్టులతో పిలవడం. బస్సు డ్రైవరు భార్యగా ఉన్నప్పుడు అలవాటైంది కాబోలు. మా నాన్న ఆమెకు ‘బి షిఫ్ట్ సాబ్’. నేను బొల్లారంలో ఒక మందుల కంపెనీలో కొలిచే పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసే పనిలో చేరాక, నాకు ‘జనరల్ షిఫ్ట్’ అని పేరు పెట్టింది.

“ఏం జనరల్ షిఫ్ట్, ఇయ్యాల గూడ మిషన్లు అబద్ధాలు జెప్పినయా?”

“రెండు చెప్పినయ్ ఖాలా.”

“పాపం, మనుషుల నడుమ ఉంటయ్. నేర్చుకోవా మరి?”

మూడోది ‘హక్కు’ అనే మాట. దేనికైనా అదే వాడేది. ఆఖరి రొట్టె వీధి కుక్క హక్కు. గిన్నెలో అడుగున మిగిలిన పాలు పిల్లి హక్కు. మా అమ్మ కోపంలో పిల్లిని తరిమితే, “దాని హక్కు దానికియ్యి బిడ్డా, తర్వాత కొట్టు” అనేది.

ఇంత హక్కు మాట్లాడే మనిషి తన హక్కు సంగతి మాత్రం ఎత్తేది కాదు. వెలిమెలలో వాళ్ళ అబ్బాకు, అంటే తండ్రికి, ముప్పై గుంటల చెలక ఉండేది. పిల్లలు ముగ్గురు. అందరికన్నా పెద్దది ఖాలా, తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. తండ్రి పోయిన పదో రోజు పెద్దలందరి ముందూ ఆమెను అడిగారట: “నీ హిస్సా తమ్ముళ్లకు మాఫ్ చేసినవా?” కొంగు తలమీదికి లాక్కుని, తల ఊపిందట. అక్కడ అది మామూలే. ఆడపిల్లకు కొడుకు వాటాలో సగం వస్తుందని వాళ్ళ ధర్మంలో ఉంది. ఆ సగాన్ని ఆడపిల్ల నోటితో వదిలేయాలని ఆనవాయితీలో ఉంది. వదిలేసినందుకు పుట్టింటి గడప ఆమెకు తెరిచి ఉంటుంది. రంజాన్‌కు చీర వస్తుంది.

ఆ చీర రావడం నేను చూశాను. పండగ ముందు తమ్ముళ్ళిద్దరూ వచ్చేవాళ్ళు. పెద్దాయనకు ఊళ్ళో సిమెంటు, ఇనుము దుకాణం. గంభీరంగా ఉండేవాడు. చిన్నాయన నవ్వులమనిషి, చంకలో పుచ్చకాయతో దిగేవాడు. ముగ్గురూ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు. భూమి మాట వస్తే మాత్రం తెలుగులోకి వచ్చేవాళ్ళు. గట్టు, చెలక, గుంట, పాలు, ఇవి వాళ్ళ నోట తెలుగులోనే ఉండేవి. గోడ ఇవతల ఉన్న నాకు, వాళ్ళ మాటలు తెలుగులోకి మారాయంటే భూమి సంగతి వచ్చిందని తెలిసిపోయేది.

ఒక వేసవిలో ఆ మాటలు మొత్తం తెలుగులోనే జరిగాయి. చెలక చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒక బిల్డరు ముప్పై గుంటలూ కొంటానన్నాడు. వారసులందరి సంతకాలూ కావాలన్నాడు.

“అప్పుడే మాఫ్ చేసినవ్ గద ఆపా, గదే కాయితం మీద పెట్టు,” అన్నాడు పెద్దాయన. ఆపా అంటే అక్క.

“పెడ్తలే. తొందరేముంది, ముఫ్తీ సాబ్‌ను ఒకమాట అడిగి పెడ్త,” అంది ఖాలా.

వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచింది. “జనరల్ షిఫ్ట్, నీ ఫోన్ల ఉంటదంట గద, హిస్సాల లెక్క?”

ఉంది. తండ్రి పోయేనాటికి తల్లి బతికే ఉంది కాబట్టి ముందు తల్లికి ఎనిమిదో వంతు తీశాను. మిగిలింది కొడుకులకు రెండేసి పాళ్ళు, కూతురికి ఒక పాలు. తర్వాత తల్లి కూడా పోయింది. ఆమె ఎనిమిదో వంతు మళ్ళీ అదే లెక్కన అదే ముగ్గురికి. రెండు చావులు దాటి వచ్చిన ఆ లెక్కను కూడితే ఖాలా వాటా సరిగ్గా అయిదో వంతు తేలింది. శేషం లేదు. నాకు చాలా ముచ్చటేసి ఆమెకు రెండుసార్లు చెప్పాను.

“అయిదో వంతు,” అంది ఆమె, పేరు అలవాటు చేసుకుంటున్నట్టు. “అంటే ఎంత జాగా? ఒక మనిషి కూసోవచ్చా?”

“ఆరు గుంటలు ఖాలా. వంద మంది కూసోవచ్చు.”

“నాకు ఒక్కదానికే,” అంది.

మా అమ్మ నన్ను తోడు పంపింది. బస్సులో సంగారెడ్డి వెళ్ళాం. మసీదు పక్క గదిలో, ధర్మసందేహాలు తీర్చే ముఫ్తీ సాబ్ కూర్చుని ఉన్నాడు. ఆమె పరదా ఇవతల, గుమ్మం దగ్గర కూర్చుంది. నాకు ఉర్దూ మాట్లాడటం సరిగ్గా రాదు గానీ వింటే అర్థమవుతుంది. ఆయన చెప్పింది ఇది: తండ్రి కన్నుమూసిన క్షణమే ఆ వాటా నీదైపోయింది. వద్దు అన్న మాటతో అది ఎటూ పోదు. ముందు తమ్ముళ్ళు దాన్ని విడదీసి నీ చేతికి అప్పగించాలి. చేతికి వచ్చాక నువ్వు సంతోషంగా ఇస్తే అది నువ్వు ఇచ్చింది అవుతుంది. మొహమాటపడో భయపడో ఇస్తే, పుచ్చుకున్న వాళ్ళకు అది హలాల్ కాదు.

ఖాలా ఒక్కటే అడిగింది: “ఇయ్యకపోతే పాపమా?”

ఆయన నవ్వాడు. తన సొమ్ము తను ఉంచుకుంటే పాపం ఎక్కడిది తల్లీ, అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ లోంచి చూస్తూ కూర్చుంది. కంది ఊరు దాటాక అంది: “మా ఆయన పోయినంక ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు పెద్ద తమ్ముని ఇంట్ల ఉన్న. బయటికి పోవద్దు గద. మరదలు మంచిదే, అబద్ధమెందుకు? రోజూ అన్నం పెట్టింది. రోజూ నేనెక్కడ కూసోవాల్నో గూడ సూపెట్టింది.”

ఆమె కళ్ళద్దాలు ముంజేతితో పైకి తోసుకుంది. ఆ రోజు చేతులకు పిండి లేదు.

ముఫ్తీ మాట తమ్ముళ్ళకు చెప్తే సంబరపడ్డారు. చేతిలో పెట్టి తీసుకోవడమే కదా, అనుకున్నారు. అదొక తంతు అనుకున్నారు. అప్పగింత అంటే నిజంగా అప్పగించడమేనని వాళ్ళకు తోచలేదు. ఒక పొద్దున కారు వేసుకుని వచ్చారు. వెనక సీట్లో కొత్త చీర, మిఠాయి డబ్బా, రాయించిన కాగితం ఉన్నాయి. ఖాలా నన్ను కూడా రమ్మంది. “నీ టేపు తెచ్చుకో బిడ్డా” అంది.

చెలకలో నేను కొలతలు తీస్తుంటే పెద్దాయన గొడుగు కింద నిలబడి నవ్వాడు. “ఇంజనీర్ సాబ్, గంత సన్నంగ కొలవకు. ఎట్లయిన వాపస్ వచ్చేదే గద.” చిన్నాయన నేను చూపించిన చోటల్లా రాళ్ళు పాతాడు. ఒక నల్లరాయి మరీ పెద్దదై కదలకపోతే దాన్ని అక్కడే వదిలేశాం. అది ఖాలా వాటా నడిమధ్యకు వచ్చింది.

పెద్దాయన వంగి గట్టు మీది మట్టిపెళ్ళ ఒకటి తీసి అక్క చేతిలో పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో జాగా అప్పగించేటప్పుడు అలా పెట్టే అలవాటు ఉందట.

“బిస్మిల్లా అని తీస్కో ఆపా.”

తీసుకుంది. “గిది నాదే గద ఇగ?”

“నీదే. మేం కాదంటున్నమా?”

“మనసుతోని ఇచ్చినవా?”

“అగో, మనసుతోనే ఇచ్చిన. ఇగ మాఫ్ చేసిన అను ఆపా. సంతకం పెట్టు, ఎండ కొడుతుంది.”

ఖాలా పిడికిలి మూసింది. “నేనియ్య తమ్మీ.”

చిన్నాయన పక్కున నవ్వాడు. “ఆపా మజాక్ జేస్తుంది భాయ్.”

“మజాక్ గాదు. అబ్బా పోయిన పదోనాడు అందరు నా మొకమే సూస్తుంటె తల ఊపిన. అప్పుడు నా చేతిల ఏం లేకుండె. లేనిది ఎట్లిస్త? ఇప్పుడు ఉంది. ఉన్నది ఇయ్యబుద్ధి అయితలేదు.”

పెద్దాయన గొడుగు మూశాడు. “ఒక్కదానివి. పిల్లల్లేరు, జెల్లల్లేరు. ఏం జేస్కుంటవ్ గీ జాగతోని?”

“కూసుంట,” అంది.

ఆ మాట ఆయనకు ఎగతాళిలా వినిపించిందనుకుంటాను. అది ఎగతాళి కాదు. బస్సులో ఆమె మాట విన్నవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

“మంచిది. ఇయ్యాల్టి సంది నీకు తమ్ముళ్లు లేరనుకో,” అని ఆయన కారు వైపు నడిచాడు. చీర కారులోనే ఉండిపోయింది. చిన్నాయన మాత్రం కారు ఎక్కబోయి ఆగి, మిఠాయి డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. మేమిద్దరం షేర్ ఆటోలో ఇంటికి వచ్చాం. దారంతా ఆమె పిడికిలి తెరవలేదు. ఇంటికి వచ్చాక చూస్తే మట్టి చెమటకు ముద్దయి వేళ్ళ మధ్య నుంచి కారింది. తులసికోట పక్కన మా అమ్మ పెంచే కరివేపాకు మొదట్లో ఆ మట్టి వేసి, చెయ్యి కడుక్కుని, పిండి కలపడానికి కూర్చుంది.

బిల్డరుకు మిగతా ఇరవై నాలుగు గుంటల కాగితాలు చిక్కు లేకుండా కావాలి కాబట్టి, ఆరు గుంటలు ఆమె పేర ఎక్కక తప్పలేదు. తర్వాత చుట్టూ గోడలు లేచాయి. ఆమె జాగా అలాగే ఉంది. సెలవు రోజుల్లో టిఫిన్ డబ్బా పట్టుకుని షేర్ ఆటోలో వెళ్ళి, ఆ నల్లరాయి మీద కూర్చుని వచ్చేది. విత్తనం వెయ్యలేదు, కంచె కట్టలేదు. ఒకసారి బిల్డరు మనుషులు మర్యాదగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారట. “నా జాగల నేనెక్కడ కూసోవాల్నో మీరు సూపెడ్తరా?” అని పంపించేసిందట. అది చెప్తూ తను నవ్వింది, మా అమ్మ నవ్వలేదు.

రంజాన్‌కు చీర రాలేదు. పండగనాడు పాత చీరే కట్టుకుని మాకు షీర్ ఖుర్మా తెచ్చింది. “గేటు సప్పుడైందా?” అని మధ్యలో ఒకసారి లేచి చూసి వచ్చింది.

బక్రీదుకు ఖుర్బానీ మాంసాన్ని మూడు పాళ్ళు చేసేది. ఒకటి ఇంటికి, ఒకటి లేనివాళ్ళకు, ఒకటి అయినవాళ్ళకు. అయినవాళ్ళ పాలులోంచి మాకు ఒక గిన్నె వచ్చేది. మిగిలింది రెండు స్టీలు డబ్బాల్లో సర్ది, తనకు ఫ్రిజ్ లేదు కాబట్టి మా ఫ్రీజర్‌లో పెట్టించేది. తమ్ముళ్ళవి.

“ఖాలా, డబ్బలు గట్లనే ఉన్నయ్,” అనేది మా అమ్మ కొన్నాళ్ళకు.

“ఉండనియ్యి బిడ్డా. పండుగ దినాలు, రోడ్డు మీద ట్రాఫిక్ ఎక్కువుంటది. వస్తరు.”

వెలిమెల నుంచి పటాన్‌చెరు ఎంత దూరం? మా అమ్మ ఫ్రీజర్ తలుపు మూసేసేది. ఇక ఉంచితే పాడవుతుందన్నప్పుడు ఆమే వచ్చి డబ్బాలు తీసుకెళ్ళి, వండి, రొట్టెల కుర్రాళ్ళకు పెట్టేది. వాళ్ళు ఆవురావురుమని తింటుంటే గుమ్మంలో నిలబడి చూసేది. “వాళ్ల హక్కు వాళ్లు తీస్కపోలే. నా తప్పు లేదు, సూడుండ్రి మల్ల,” అనేది. ఎవరికి చెప్పేదో తెలియదు. మరుసటి ఏడు మళ్ళీ రెండు డబ్బాలు మా ఫ్రీజర్‌లోకి వచ్చేవి.

ఒక చలికాలం పొద్దున, ముగ్గురం ఎండలో కూర్చున్నప్పుడు నేను ఆమె జాగా సంగతి ఎత్తాను. నాకు ఏ విషయమైనా వరుసగా పెట్టుకుంటే తప్ప ఆలోచన సాగదు. అప్పుడూ వేళ్ళు మడిచాను. ఒకటి, అమ్మేస్తే ఇక రొట్టెలు చేయాల్సిన పని లేదు. రెండు, బతికుండగానే ఎవరికైనా రాసి అప్పగించేయొచ్చు. మూడు, మూడో వంతు దాకా బయటివాళ్ళకు వీలునామా రాయొచ్చు. “ఏదీ చెయ్యకపోతే పిల్లలు లేరు కాబట్టి మొత్తం మీ తమ్ముళ్ళిద్దరికే పోతది ఖాలా. సగం సగం.”

“తెల్సు,” అంది.

మా అమ్మ బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తింది. “తెల్సుండి గట్లనే ఉంటవా? నీ మొకం సూడనోళ్లకు ఎందుకు పోవాలె? ఏదన్న మదర్సకు రాసి పారెయ్.”

“మదర్సోళ్లు దువా జేస్తరు, మంచిదే,” అంది ఖాలా. పిండి అంటిన ముంజేతితో కళ్ళద్దాలు తోసుకుంది. “గని రాసిస్తె, ఇగ నా తమ్ముళ్లు ఎందుకొస్తరు బిడ్డా? నన్ను సూడనీకి రారు. హిస్సా ఉందంటె వస్తరు. వచ్చినోళ్లు ఉత్తగ పోతరా? నేను పోతె జనాజా మోస్తరు గద. సొంత తమ్ముళ్లుండి, బయటోళ్లు మోస్తె ఎట్లుంటది?”

బియ్యం చాట మీద మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను మడిచిన వేళ్ళు విప్పేశాను.

“నేను ఉన్నన్ని దినాలు నాది. తర్వాత వాళ్లదే. గా రోజు గుంజుకున్ననని అనుకుంటున్నరు. యాడికి తీస్కపోత నేను?”

ఆమె పోయిన పొద్దున పిండి కలిపి, తడిగుడ్డ కప్పి ఉంది. పెనం పొయ్యి మీదే ఉంది, మంట లేదు. గేటు దగ్గర కుర్రాళ్ళు టిఫిన్ సంచులతో నిలబడి, “ఖాలా, బస్ ఆ జాయేగీ” అని, బస్సు వచ్చేస్తుందని పిలుస్తుంటే మా అమ్మ లోపలికి వెళ్ళి చూసింది. వెలిమెలకు ఫోన్ చేసింది నేను. ఎత్తింది పెద్దాయనే. ఎవరని అడగలేదు. “వస్తున్న” అన్నాడు. చిన్నాయన కన్నా ముందు వచ్చాడు.

ఆయన ఆ పోర్షన్‌లోకి ఏళ్ళ తర్వాత రావడం అదే. కడిగిన పీట, గోడకు ఆనించిన మంచం, పిండి గిన్నె, ఇవే ఉన్నాయి లోపల. మా అమ్మ ఆయనకు కుర్చీ చూపించింది. కూర్చోలేదు.

మధ్యాహ్నం నమాజు తర్వాత మసీదు ఆవరణలో జనాజా దించారు. నేను, మా నాన్న, కాలనీవాళ్ళం కొందరం కుళాయిల దగ్గర నిలబడ్డాం. రొట్టెల కుర్రాళ్ళు కొందరు డ్యూటీ మానేసి వచ్చారు. జనాజా నమాజుకు ముందు దగ్గరి బంధువు ఒకరు లేచి అందరితో ఒక మాట చెప్పాలి: పోయిన మనిషి ఎవరికైనా ఏమైనా బాకీ ఉంటే నన్ను అడగండి, ఏదైనా తప్పు చేసి ఉంటే మాఫ్ చేయండి, అని. భర్త లేడు, కొడుకు లేడు. పెద్దాయన ముందుకు వచ్చాడు. ఉర్దూలో ఆ మాటలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఊళ్ళో ఎన్ని జనాజాల దగ్గర విని ఉంటాడో, కంఠతా వచ్చినట్టే వచ్చాయి.

అప్పుడు ఇమామ్ మా వైపు చూసి, తెలుగులో కూడా చెప్పమన్నాడు.

పెద్దాయన మా వైపు తిరిగాడు. “మా ఆపా మీకెవ్వరికన్న బాకీ ఉంటె నన్నడుగుండ్రి. నేను కడ్త. ఆమె ఏమన్న తప్పు జేసి ఉంటె...”

అక్కడ ఆగాడు. తర్వాత రావాల్సిన మాట ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఇమామ్ ఎదురు చూశాడు. వరుసల్లో ఎవరో దగ్గారు. పెద్దాయన మమ్మల్ని వదిలి జనాజా వైపు తిరిగాడు. అటు తిరిగి ఏమన్నా అన్నాడో లేదో, కుళాయిల దగ్గరున్న నాకు వినిపించలేదు.

కబరస్తాన్ దాకా నడిచాం. దారిలో జనాజా భుజాలు మారుతూ పోతుంది. మోయడం పుణ్యమని, నాలుగడుగులకొకరు వచ్చి భుజం కలుపుతారు, ముందున్న వాళ్ళు పక్కకు తప్పుకుంటారు. నాలుగు కొమ్ముల్లో మూడింటి దగ్గర అలాగే మారారు. రొట్టెల కుర్రాళ్ళు కూడా తలా కాసేపు పట్టుకున్నారు. ముందు కుడి వైపు పెద్దాయన ఉన్నాడు. ఎవరు భుజం ఇవ్వబోయినా తల అడ్డంగా ఊపాడు. చిన్నాయన వచ్చి, “భాయ్, నేను పట్కుంట, జెర ఇయ్యి” అన్నాడు.

“నేనియ్య,” అన్నాడు పెద్దాయన.

కబరు దగ్గర దించేదాకా ఇవ్వలేదు.